తరిగొండ వెంగమాంబ: మన నర్రవాడ తల్లి పేరే గల మరో తల్లి

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో వెంగమాంబ అన్న పేరు చెవిన పడితే చాలు, ఎక్కడున్నా ఒకసారి చేతులు జోడిస్తాము. దుత్తలూరు దగ్గర నర్రవాడలో వెలసిన వెంగమాంబ పేరంటాలు ఈ మెట్ట ప్రాంతానికంతటికీ ఇంటి ఇలవేల్పు వంటిది. పచ్చవ వారి ఆడపడుచు, వేమూరి వారి కోడలు, భర్త కోసం అగ్నిప్రవేశం చేసిన మహాపతివ్రత అని చిన్నప్పుడు మన అవ్వలు చెప్పగా విన్నాము. జ్యేష్ఠమాసంలో తిరునాళ్ళు వచ్చిందంటే ఎడ్ల బండ లాగుడు పందేలు, పొంగళ్ళు, పసుపు కుంకుమల ఉత్సవం, వరికుంటపాడు మొదలు మర్రిపాడు దాకా బండ్లు కట్టుకుని, ఆ తర్వాతి కాలంలో బస్సులెక్కి జనం పోవడం మనందరికీ తెలిసినదే. ఆ తల్లి పేరు పెట్టుకోని కుటుంబం ఇక్కడ అరుదు. మన పాత ఆఫీసుల్లో ఏ హాజరుపట్టీ తీసినా ఇద్దరు వెంగయ్యలు, ఒక వెంగమ్మ కనిపించేవారు. జీతాల బిల్లులో ఇంటిపేరు చూసుకోకపోతే ఒకరి జీతం మరొకరికి పోయేది!

ఈ మహిళా ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ళ కిందట మన సంఘ మిత్రులం కొందరం కుటుంబాలతో కలిసి తిరుమల యాత్రకు వెళ్ళాము. దర్శనం అయ్యాక భోజనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనానికి చేరుకున్నాము. 2011లో ప్రారంభించిన పెద్ద భవనం అది. మాతో వచ్చినవారిలో కీర్తిశేషులైన మా సహోద్యోగి ఒకరి భార్య ఉన్నారు. కుటుంబ పింఛను మీద కాలక్షేపం చేసే మనిషి. నన్ను అన్నయ్యా అని పిలుస్తారు. ఆమె బోర్డు మీది పేరు చదివి, మన నర్రవాడ తల్లికి తిరుమల కొండ మీద కూడా ఎంత గౌరవం ఇచ్చారో చూడమని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆమె సంతోషాన్ని చెడగొట్టడం ఇష్టం లేకపోయినా, తెలుగు పాఠాలు చెప్పిన అలవాటు ఊరుకోనివ్వలేదు. ఈమె వేరమ్మా, చిత్తూరు జిల్లా తరిగొండకు చెందిన కవయిత్రి అన్నాను. ఆవిడ కథ ఏమిటని అడిగారు. చిన్నతనంలోనే భర్త పోయిందనీ, అయినా బొట్టు తీయలేదనీ రెండు ముక్కల్లో చెప్పాను. ఇంతలో వడ్డన వచ్చింది. అన్నం కలుపుకుంటూనే ఆమె మళ్ళీ అడిగారు, కడదాకా తీయలేదా అని.

ఆ ప్రశ్నకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. దానికే ఈ వ్యాసం.

తరిగొండ అన్న ఊరు పాత వాయల్పాడు తాలూకాలో, గుర్రంకొండకు దగ్గరలో ఉంది. అక్కడి దైవం లక్ష్మీనరసింహస్వామి. ఒక ఇల్లాలు మజ్జిగ చిలుకుతుంటే తరికుండలో స్వామి శిలారూపంగా దొరికాడనీ, అందువల్ల ఊరికి తరికుండ, తరిగొండ అన్న పేరు వచ్చిందనీ స్థలపురాణం. ఆ ఊళ్ళో నందవరీక బ్రాహ్మణులైన కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు 1730 ప్రాంతంలో ఒక ఆడపిల్ల పుట్టింది. తిరుమల వేంకటేశ్వరుని వరప్రసాదమని నమ్మి ఆ పేరే పెట్టుకున్నారు. వెంగమ్మ అన్నా, వెంకమ్మ అన్నా ఒకటే. వేంగడం అని తమిళులు పిలిచే తిరుమల కొండ పేరులోంచి వచ్చిన పేర్లే ఇవన్నీ. మన వెంగయ్యలూ ఆ కొండ బిడ్డలే.

పిల్ల ఆటపాటల్లో పడకుండా గుడి చుట్టూ తిరుగుతూ, పాటలు కట్టి పాడుకుంటూ ఉండేదట. ఊళ్ళోవాళ్ళు పిచ్చిదన్నారు. పెద్దలు ఆ కాలపు పద్ధతి ప్రకారం బాల్యంలోనే ఇంజేటి వారి పిల్లవానికిచ్చి పెళ్ళి చేశారు. అతని పేరు వేంకటాచలపతి. పెళ్ళయిన కొద్దికాలానికే అతడు చనిపోయాడు. ఈడు వచ్చేసరికే వెంగమాంబ విధవరాలు.

ఇక్కడ ఆనాటి పరిస్థితి ఒకసారి తలచుకోవాలి. మనలో డెబ్బయి దాటినవారికి వేరే చెప్పనక్కర లేదు. మన ఇళ్ళల్లోనే అటువంటి మేనత్తలనూ, పెద్దమ్మలనూ చూసి ఉంటాము. బ్రాహ్మణ ఇంట భర్త పోయిన పిల్లకు మంగలిని పిలిపించి తల గొరిగించేవారు. బొట్టు లేదు, గాజులు లేవు, పూలు లేవు. ఒంటిపూట భోజనం. ముసుగు వేసుకుని వంటింటి మూల పడి ఉండాలి. శుభకార్యానికి వెళ్ళేవారు ఆమె ఎదురు వస్తే వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరేవారు. మరికొన్ని కుటుంబాల్లో భర్త చితిమీదనే భార్యను సాగనంపేవారు. అలా పోయినవారిని పేరంటాళ్ళని కొలిచారు. వాళ్ళ పేరిట రాళ్ళు నిలబడ్డాయి, గుళ్ళు వెలిశాయి. మద్రాసు రాజధానిలో సహగమనాన్ని నిషేధించిన చట్టం వచ్చింది 1830లో. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. వెంగమాంబ 1817లోనే కాలం చేసింది. అంటే ఆమె జీవితకాలమంతా భర్త పోయిన స్త్రీకి ఉన్న దారులు రెండే. ఒకటి అగ్ని, రెండు మంగలికత్తి.

ఆ పిల్ల రెండింటికీ ఒప్పుకోలేదు. తన భర్త తిరుమల వేంకటాచలపతి అనీ, ఆయనకు చావు లేదు కనుక తాను నిత్యసుమంగళిననీ చెప్పింది. జుట్టు తీయించుకోలేదు. బొట్టు, గాజులు, పూలు వదల్లేదు. ఇల్లంతా ఏడ్చింది, ఊరంతా వెలివేసినంత పని చేసింది. మంగలిని పిలిపించి బలవంతం చేయబోయారనీ, గొరిగిన జుట్టు స్నానం చేసి లేచేసరికి మళ్ళీ వచ్చిందనీ కథలు రకరకాలుగా చెబుతారు. ఆ మహిమలను నమ్మేవారు నమ్మవచ్చు. నాకు మాత్రం మహిమకంటే ఆ వయసు పిల్ల అంతమంది పెద్దల మధ్య నిలబడి కాదని చెప్పడమే పెద్ద వింతగా తోస్తుంది.

ఇంకొక కథ మరీ ప్రసిద్ధం. పుష్పగిరి పీఠాధిపతులు ఆ ప్రాంతానికి విజయం చేసినప్పుడు ఊరి పెద్దలు ఈమె మీద ఫిర్యాదు చేశారు. వారు ఆమెను పిలిపించారు. సంప్రదాయం ప్రకారం సకేశియైన వితంతువు మొగం చూడకూడదు కనుక మధ్యలో తెర కట్టించారట. గురువులకు నమస్కరించవేమని అడిగితే, ముందు ఆసనం మీదినుంచి ఒకసారి లేచి నిలబడమని ఆమె కోరిందనీ, వారు లేచాక ఆ ఖాళీ పీఠానికి ఆమె మొక్కగానే అది భగ్గుమని అంటుకున్నదనీ చెప్పుకుంటారు. కథలో నిజమెంతో అటుంచి, జనం ఆమె కథను ఎలా చెప్పుకున్నారో చూడండి. మామూలుగా మంటల్లో ఆడది ఉంటుంది. ఈ కథలో మంటల్లో పడింది పీఠం.

చదువు సంగతి. వెంగమాంబ తాను చిన్ననాట ఏ ఆచార్యుని దగ్గరా ఓనమాలు కూడా దిద్దలేదని తన కావ్యంలోనే చెప్పుకుంది. అది వినయం కావచ్చు, నిజమే కావచ్చు. తరువాత మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులను ఆశ్రయించి యోగమార్గంలో ఉపదేశం పొందింది. తరిగొండలో ఉండగానే నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం రచించింది. ఊళ్ళో నరసింహస్వామి గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం చాటున కూర్చుని యోగసాధన చేసుకుంటుంటే, పూజారి చూసి జుట్టు పట్టి బయటికి ఈడ్చాడని చెబుతారు. ఏ జుట్టునైతే తీయనివ్వలేదో ఆ జుట్టే పట్టి! అప్పటితో ఆమెకు ఊరి మీద ఆశ తెగిపోయింది. తిరుమల దారి పట్టింది.

ఆ రోజుల్లో తిరుమల ప్రయాణం అంటే మాటలు కాదు. కొండమీదికి మోటారు దారి పడింది 1944లో. అంతవరకు మెట్ల దారే, అడవి దారే. పైగా అది రాజులు మారుతున్న కాలం. గుర్రంకొండ సీమ కడప నవాబులు, మరాఠాలు, మైసూరు హైదరాలీల మధ్య చేతులు మారుతోంది. తిరుమల ఆలయం రాబడి ఆర్కాటు నవాబుది, 1801 నుంచి కంపెనీ దొరలది. దోపిడీలు, యుద్ధాలు, కరువులు. ఒంటరి ఆడది ఊరు విడిచి కొండమీదికి పోయి ఉంటానంటే ఏ ధైర్యంతో అనగలిగిందో మనం ఊహించుకోవలసిందే.

మన ఊరికీ ఆ కొండకూ పాత బంధుత్వం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గాన్ని నెలల తరబడి ముట్టడించి 1514లో గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయారు. అదే సంవత్సరం తిరుమలకు వెళ్ళి ఇద్దరు దేవేరులతో స్వామిని సేవించి కానుకలు సమర్పించారు. ఆ శాసనాలు ఇప్పటికీ ఆలయం గోడల మీద ఉన్నాయి. రాయలు వెళ్ళిన రెండున్నర శతాబ్దాలకు అదే కొండ ఎక్కిన వెంగమాంబ దగ్గర స్వామికి ఇవ్వడానికి ఒక హారతి, కొన్ని పాటలు తప్ప మరేమీ లేవు.

కొండమీద ఆమెకు ఆదరణా దొరికింది, బాధా దొరికింది. హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆమెకు నిలువ నీడ కల్పించారనీ, తాళ్ళపాక అన్నమాచార్యుల వంశం వారు ఆదరించారనీ చెబుతారు. రాత్రి ఏకాంతసేవ వేళ స్వామికి హారతి ఇచ్చే భాగ్యం ఆమెకు లభించింది. అయితే పక్కింటి అర్చకులొకరు ఓర్వలేక ఆమె పూజించుకునే తావులో ఎంగిలాకులు వేయించడం వంటి పనులు చేశారట. ఆ రోత పడలేక ఆమె కొండ విడిచి దట్టమైన అడవిలో ఉన్న తుంబురుకోనకు వెళ్ళిపోయి, అక్కడ ఒక గవిలో ఏళ్ళ తరబడి తపస్సు చేసుకున్నది. ఫాల్గుణ పౌర్ణమి నాడు జరిగే తుంబురుతీర్థ ముక్కోటికి వెళ్ళినవారు అక్కడ వెంగమాంబ గవి అని చూపించగా చూసే ఉంటారు. పగలు పులుల అలజడికి భయపడుతూ గుంపులుగా పోయే చోటు అది. అక్కడ ఆమె ఒక్కతే ఉన్నది. రాత్రిళ్ళు ఆమె ఏదో రహస్యమార్గాన గర్భాలయానికి వచ్చి పూజ చేసి పోయేదనీ, తెల్లవారి తలుపులు తీసిన అర్చకులకు స్వామి పాదాల దగ్గర ముత్యాలు కనిపించేవనీ కథ. చివరికి బాధపెట్టినవారే పశ్చాత్తాపపడి ఆమెను మళ్ళీ కొండమీదికి పిలుచుకుని వచ్చారని అంటారు.

తిరిగి వచ్చిన తరువాత ఆమె ఊరికే కూర్చోలేదు. పెద్ద రచనలన్నీ అప్పటివే. శ్రీ వేంకటాచల మాహాత్మ్యం పద్యకావ్యం. శ్రీనివాసుడు పద్మావతిని పెళ్ళాడిన కథ, కుబేరుని దగ్గర అప్పు చేసిన కథ తెలుగువారి ఇళ్ళల్లో ఇంతగా వ్యాపించడానికి ఈ గ్రంథం ఒక ముఖ్య కారణం. నా చిన్నతనంలో మా నాయనమ్మ శనివారం సాయంత్రం గుడ్డి దీపం ముందు చదివిన అట్ట చిరిగిన పుస్తకం అదే. కవి ఎవరో ఆమెకూ తెలియదు, వినేవారికీ పట్టలేదు. వాసిష్ఠ రామాయణం, భాగవతం ద్విపదలో రాసింది. ద్విపద అంటే రెండేసి పాదాల తేలిక ఛందస్సు. పండితుడు లేకపోయినా, పుస్తకం లేకపోయినా, దంచుతూ విసురుతూ పాడుకోవచ్చు. ఆడవాళ్ళ నోళ్ళలో నిలిచే ఛందస్సును ఆమె కావాలనే ఎంచుకున్నదని నా అభిప్రాయం. ఎవరైనా పండితులు కాదంటే వాదించను. వాసిష్ఠం అంటే రామునికి వసిష్ఠులు చేసిన జ్ఞానోపదేశం. భార్య తాను ముందుగా జ్ఞానం పొంది, తరువాత భర్తకు బోధించిన చూడాల కథ ఉన్నది ఆ వాసిష్ఠంలోనే. వితంతువుకు ఒంటిపూట తిండి, మూల కూర్చోవడం తప్ప జ్ఞానంతో పని లేదనుకునే రోజుల్లో ఆమె దాన్ని తెనిగించింది.

ఇవి కాక యక్షగానాలు ఉన్నాయి. విష్ణుపారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, జలక్రీడావిలాసం, ముక్తికాంతావిలాసం అన్నవి. తత్త్వకీర్తనలు, అష్టాంగయోగసారం వేరు. చెంచు నాటకం ప్రస్తావన వచ్చింది కనుక మన ఆత్మకూరు, రాపూరు వారికి ఒక మాట. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథకు మనకు పెంచలకోన ఉండనే ఉంది. స్వామి చెంచెతను చేపట్టాడని అలిగి ఆదిలక్ష్మమ్మ ఏటి అవతలికి వెళ్ళి కూర్చున్నదని ఇప్పటికీ ఆ గుడి చూపిస్తారు. మన ప్రాంతపు పెంచలయ్యలు, పెంచలమ్మలు వెంగయ్య, వెంగమ్మలకు పక్కనే ఉంటారు. నరసింహుడూ వేంకటేశుడూ ఒకే ఇంట్లో ఉండడం మనకు కొత్త కాదు. వెంగమాంబకూ అంతే. ఊరివాళ్ళు ఎంత బాధపెట్టినా, తిరుమలలో స్థిరపడి పండు ముసలి అయినా, రచనల్లో తరిగొండ నరసింహుని పేరు తలవడం మానలేదు. ఆ నరసింహుడే ఈ వేంకటాచలపతి అని కలిపి చెప్పుకున్నది. పిల్లల దగ్గర హైదరాబాదులోనో బెంగుళూరులోనో చేరి, అపార్టుమెంటు తలుపు మీద ఇంకా వింజమూరు అనో కలిగిరి అనో రాయించుకునే మన మిత్రులకు ఆ తల్లి మనసు బాగా అర్థమవుతుంది.

నృసింహ జయంతి నాడు కొండకు వచ్చే యాత్రికులకు ఆమె అన్నదానం చేసేది. చలివేంద్రాలు పెట్టేది. దాతలు ఇచ్చినదంతా అందుకే ఖర్చయ్యేది. తిరుమలలో అన్నప్రసాద భవనానికి ఆమె పేరు ఊరికే పెట్టలేదు.

ఆమె కాలంలోనే దక్షిణాన తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని కావ్యాలు రాసింది. ఆమెకు రాజాశ్రయం ఉంది. ఇంకా వెనక్కి పోతే మొల్ల ఉంది. మర్రిపాడు దాటి బద్వేలు దారిలో వెలిగొండలు దిగితే వచ్చే గోపవరమే మొల్ల ఊరని ఆ ప్రాంతం వారు గర్వంగా చెప్పుకుంటారు. మొల్ల ఒక రామాయణం రాసి కీర్తి సంపాదించింది, ఇప్పటికీ బడి పుస్తకాల్లో ఉంది. వెంగమాంబ పదునెనిమిదికి పైగా గ్రంథాలు రాసినా సాహిత్యం చదువుకున్నవాళ్ళు కూడా చాలాకాలం ఆమెను భక్తురాలి లెక్కలో వేసి పక్కన పెట్టారు. డాక్టర్ కె.జె. కృష్ణమూర్తిగారి వంటి పరిశోధకులు పూనుకున్నాక, తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె పేరిట ప్రాజెక్టు పెట్టి గ్రంథాలు అచ్చు వేయించాక కొంత నయమయింది. 2009లో మీనా నటించిన వెంగమాంబ సినిమా కూడా వచ్చింది.

ఆమెను సంఘసంస్కర్త అనవచ్చునా అన్నది నేను చాలాసార్లు ఆలోచించిన ప్రశ్న. వీరేశలింగం పంతులుగారు చేసినట్టు ఆమె వితంతువుల కోసం పోరాడలేదు. వితంతువుకు జుట్టు తీయరాదని ఆమె అనలేదు. తాను వితంతువునే కాదన్నది. ఆ జవాబు ఒక్కరికే పనికి వస్తుంది. ఆమెతోపాటు ఆ ఊళ్ళోనే గుండు చేయించుకుని మూల కూర్చున్న మరో పిల్లకు దానివల్ల ఒరిగినదేమీ లేదు. దేవుణ్ణి మొగుడని చెప్పుకోగల ధైర్యం, పాట కట్టగల విద్య ఎంతమందికి ఉంటాయి? ఇది ఆమె లోపమని అనడం లేదు. ఆ కాలం ఆమెకు మిగిల్చిన సందు అంత ఇరుకైనది. అందులోంచి ఆమె తలవంచకుండా దూరింది. కానీ సందు వెడల్పు చేసినవారు వేరే ఉన్నారు, వాళ్ళు తరువాత వచ్చారు.

మన నర్రవాడ తల్లిని తక్కువ చేయడానికి ఈ మాటలు రాయడం లేదని పాఠకులు గ్రహించాలి. ఆ తల్లి గుడి ముందు నేనూ చిన్నప్పటినుంచి పొర్లుదండాలు పెట్టినవాణ్ణే. భర్తతోపాటు పోయిన వెంగమాంబను మన జనం పసుపు కుంకుమలతో పూజిస్తున్నారు. భర్త పోయాక బతికిన వెంగమాంబ ఆ పసుపు కుంకుమలను తానే పట్టుబట్టి ఉంచుకున్నది. రెండు కథలూ మన ఆడపిల్లలకు చెప్పాలి. మనం మొదటిది చెప్పినంతగా రెండవది చెప్పలేదు.

పదో రోజు తంతు సంగతి మనకు తెలుసు. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం చాలా ఇళ్ళల్లో ఇంకా జరుగుతూనే ఉన్నది. బాగా చదువుకుని గెజిటెడ్ ఉద్యోగాలు చేసినవారి ఇళ్ళల్లో కూడా. కుటుంబ పింఛను ఫారం మీద అంటించడానికి ఫొటో తెమ్మంటే, పాత ఫొటోలో బొట్టు ఉందని కొత్తగా తీయించుకుని వచ్చే తల్లులను మన సంఘం ఆఫీసులో నేను చూశాను. ఆ నియమం ఏ జీవోలోనూ లేదు. ఎవరూ అడగలేదు కూడా.

వెంగమాంబ ఈశ్వర నామ సంవత్సరం శ్రావణ శుద్ధ నవమి నాడు, అంటే 1817 ఆగస్టులో, తిరుమలలో దేహం చాలించింది. దాదాపు తొంభై ఏళ్ళు బతికింది. యోగమార్గంలో సజీవసమాధి పొందిందని భక్తుల విశ్వాసం. బొట్టుతోనే పోయింది. నాటి అన్నప్రసాదం పంక్తిలో అడిగిన ప్రశ్నకు జవాబు అదీ.

తిరుమలలో ప్రతి రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి జరుగుతాయి. ఆమె వంశీకులుగా పిలువబడే కుటుంబం వారు పళ్ళెంలో దశావతారాల్లో రోజుకొక అవతారాన్ని ముత్యాలతో తీర్చి హారతికి తెస్తారు. దానికి ముత్యాలహారతి అని పేరు. ఎంత పెద్ద రాజు వచ్చినా, ఎంత పెద్ద ఉత్సవం అయినా, ఆనాటి చివరి సేవలో తరిగొండ పేరు వినపడాలి. ఆమెను గుడిలోంచి బయటికి ఈడ్చిన పూజారి పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఆమె బృందావనం తిరుమలలోనే ఉన్నది. దేవస్థానం వారి ఉన్నత పాఠశాల ఆవరణలో, పిల్లల ఆటస్థలానికి పక్కగా, ప్రశాంతంగా ఉంటుంది. లక్షలమంది పోయే కొండ మీద అక్కడికి వెళ్ళేవారు తక్కువ. ఏటా వైశాఖంలో నృసింహ జయంతి నాడు ఆమె జయంతి, శ్రావణ శుద్ధ నవమి నాడు వర్ధంతి జరుపుతారు. ఆ రోజుల్లో వెళితే పుష్పాంజలి చూడవచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు మిత్రులం ఈసారి శ్రావణంలో యాత్ర పెట్టుకుందామని అనుకుంటున్నాము. దర్శనం, భోజనం అయ్యాక ముందుగా బృందావనానికే. వచ్చేవారు పేర్లు నమోదు చేయించుకోగలరు. జాబితాలో మొదటి పేరు ఆ రోజు పంక్తిలో ప్రశ్న అడిగిన మా చెల్లెమ్మగారిదే. తరిగొండ కూడా చూపిస్తే బాగుంటుందని ఆమె కోరిక. బస్సు ఖర్చు లెక్క చూసి చెబుతానన్నాను.